కోల కోసం కొండ యెక్కిన వైనం

ఉదకమండలానికి జనం పూలు చూడడానికి పోతారు, చెరువులో పడవ యెక్కడానికి పోతారు, యెండ పడనివారు చల్లదనానికి పోతారు. ఒక కర్రను గూర్చి సలహా అడగడానికి పోయిన కుటుంబం మాదొక్కటే కాబోలు. గత మే నెలలో మేమూ, మా యింటామే, మా రెండో అమ్మాయీ కోయంబత్తూరునుంచి ఆ పనిమీదనే బయలుదేరాము.

సంగతి యిది. అమ్మాయి కాలేజీలో చేరిన తరువాత పూల్ అనే ఆట నేర్చింది. గుడ్డ పరచిన బల్లమీద రంగుబంతులను కర్రతో పొడిచి అంచుల్లోని రంధ్రాలలో పడవేసే ఆట. పొద్దుపోవడానికి యేదో ఆడుతున్నదిలే అని వూరుకున్నాము. కాలేజీల పోటీలో రెండో బహుమతి తెచ్చేసరికి వ్యవహారం ముదిరింది. "నాయనా, నాకు సొంత క్యూ కావాలి" అన్నది. క్యూ అంటే రేషను కొట్టు ముందు నిలబడేదని మాత్రమే యెరిగిన మా అమ్మ, "దానికి సొంతమేమిటే, అందరితోపాటు నిలబడు" అన్నది. నిజానికి మా అమ్మ పొరపాటు పడలేదు. ఆ మాటా యీ మాటా రెండూ ఫ్రెంచివారి తోక అనే మాటనుంచే పుట్టాయట. పూర్వం ఆ దొరలు తలకాయ లావుగా వుండే కర్రతో బంతిని నెట్టేవారు. బంతి అంచుకు ఆనుకొని వుంటే కర్రను తిప్పి దాని తోకతో పొడిచేవారు. పోను పోను తల పోయి తోకే ఆటకు మిగిలింది. మేము మాత్రం యింట్లో దానికి కోల అని పేరు పెట్టుకున్నాము. యింటా బయటా పనికివచ్చే మాట. తమిళంవారికీ కోల్ అంటే అదే గదా.

అమ్మాయి కోరిన కోల ధర పద్ధెనిమిది వేల రూపాయలని తెలిసిన తరువాత మాత్రం యెవరికీ నవ్వు రాలేదు. పంపులు చేసే కార్ఖానాలో గుమాస్తా పని మాది. ఆ పైకం మా నెల జీతంలో సగానికి పైమాట. పైగా "ఆడపిల్లకు క్లబ్బు ఆట యేమిటి" అనే బంధువులు వుండనే వున్నారు. 2025లో చెన్నపట్నపు అమ్మాయి అనుపమా రామచంద్రన్ దోహాలో ప్రపంచ స్నూకర్ బిరుదు గెలిచి వచ్చినప్పటినుంచి వారి నోళ్ళు కొంచెం మూతబడ్డాయి గాని పూర్తిగా కాదు.

అంత డబ్బు పోసేముందు తెలిసినవారిని అడుగుదామని ఒక సాయంకాలం ఆఫీసు విడిచి, అమ్మాయి ఆడే గదికి వెళ్ళాము. గాంధీపురంలో ఒక మేడమీద వున్నది. నాలుగు బల్లలు, బల్లపైన దీపాలు, గోడకు వరుసగా కోలలు. ఒక్కణ్ణి అడిగితే ఆరుగురు చుట్టూ చేరారు. వైద్యం, జ్యోతిషం విషయంలో తప్ప యిన్ని అభిప్రాయాలు మేము యెక్కడా వినలేదు.

బనియన్ల వ్యాపారి కొడుకొకడు, "కొత్తరకం కార్బన్ కోల కొనండి, అది వంగదు" అన్నాడు. అతనిదాని వెల అడిగి మేము మళ్ళీ ఆ మాట యెత్తలేదు. బ్యాంకులో పనిచేసే ఒక పెద్దమనిషి, కోల బరువు పంతొమ్మిది ఔన్సులకు తగ్గితే చెయ్యి వణుకుతుందన్నాడు. పక్కనున్నవాడు పద్ధెనిమిదికి మించితే బంతి మాట వినదన్నాడు. లేతు షాపులో పనిచేసే కుర్రవాడు మాత్రం మా వూరి బిడ్డ అనిపించుకున్నాడు. వాడు కర్రనుగాని ధరనుగాని చూడలేదు. రెండు ముక్కల కోలను విప్పి మరను చూపించి, "అయ్యా, దెబ్బ యిక్కడ పోతుంది. మర సరిగా కూర్చుంటే రెండు ముక్కలూ ఒక్క కర్రే. వెంట్రుకంత సందున్నా చేతికి అబద్ధం చెబుతుంది" అన్నాడు. అతుకులేని ఒంటికర్రే మేలని వాదించేవారికి వాడే జవాబు చెప్పాడు: దాదాపు ఐదడుగుల కర్రను టౌనుబస్సులో యెలా తెస్తావు అని.

చేతివాటం విషయంలోనూ యిదే గొడవ. ఎడమచేతిని బల్లమీద ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గాడిలో కోల జారనివ్వాలని ఒకరు. కాదు, చూపుడువేలితో వుంగరంలాగ చుట్టి పట్టాలని మరొకరు. గడ్డం కోలకు తగిలేంత వంగాలని ఒకరు. నడుము నొప్పి తెచ్చుకోవడానికా అని యింకొకరు. ఫిలిప్పీన్సువాడైన ఎఫ్రెన్ రేయెస్, 1999లో తొమ్మిది బంతుల ఆటలో ప్రపంచ విజేత అయినవాడు, కారుచవక కోలతో అమెరికా ఆటగాళ్ళ జేబులు ఖాళీ చేశాడని అక్కడివారు పురాణంలాగ చెప్పుకుంటారు. ఆ పురాణం చెప్పినవాడి చేతిలోనే ముప్ఫై వేల కోల వున్నది! ఆ సంగతి అడిగితే, "నేను రేయెస్‌ను కాను గదండీ" అన్నాడు. ఆ జవాబు మాకు నచ్చింది.

యింటికి వచ్చి యిదంతా చెబితే మా అమ్మ, "వీళ్ళనూ వాళ్ళనూ అడగడమెందుకు? మీ చిన్నాయన లేడూ" అన్నది. మాకు నిజంగా తట్టలేదు. మా నాయన తమ్ముడు నీలగిరిలో ఒక క్లబ్బులో ముప్ఫైరెండేళ్ళు బిలియర్డ్సు మార్కరుగా పనిచేశాడు. క్లబ్బులో పని అనేవాడే గాని యేం పనో మేము యేనాడూ విచారించలేదు. క్లబ్బు అంటే గ్లాసులు అందించడమే అనుకొని, పెళ్ళిళ్ళలో ఆ ప్రస్తావన రాకుండా చూసుకునేవాళ్ళము. చెప్పుకోవడానికి సిగ్గుగానే వున్నది.

మేట్టుపాళయంలో వుదయం ఏడు దాటగానే కొండరైలు కదిలింది. చదువరులలో చాలామంది యెక్కినదే గనుక ఆ సొంపులన్నీ వర్ణించము. 1899లో కూనూరు దాకా, 1908లో ఉదకమండలం దాకా వేసిన దారి. 2005లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. నలభైయారు కిలోమీటర్లకు ఐదుగంటలు పడుతుంది. కల్లారు దాటినప్పటినుంచి పట్టాల నడుమ పళ్ళబద్దీ మొదలవుతుంది. ఇంజను చక్రపు పళ్ళు దానిని కరచుకుంటూ పెట్టెలను వెనకనుంచి తోస్తాయి. మా అమ్మాయి కిటికీలోనుంచి లోయలూ జలపాతాలూ చూడక, యిదీ వెనకనుంచి నెట్టుడే గదా అని నవ్వుకున్నది. పిచ్చి ముదిరిందని మా యింటామె తల కొట్టుకున్నది. కూనూరు దగ్గర ఇంజను మారింది, గాలి మారింది. కేత్తి లోయ దాటేటప్పటికి మేము శాలువా తీశాము.

చిన్నాయనకు డెబ్బైయెనిమిదేళ్ళు. ఊరి అంచున రెండు గదుల యిల్లు, ముందు నాలుగు కారట్ మళ్ళు. విషయం చెప్పగానే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అమ్మాయి కుడిచెయ్యి పట్టుకొని మణికట్టు వదులుగా వున్నదా లేదా అని తిప్పి చూశాడు. "అమ్మణ్ణీ, మన యింట్లో యీ ఆట సంగతి అడిగినదానివి నీవే" అన్నాడు.

మర్నాడు పొద్దున మమ్మల్ని ఊటీ క్లబ్బు చూపిస్తానని తీసుకపోయాడు. ఆయన పనిచేసినది అది కాదు, వేరొకటి. దాని పేరు యిక్కడ అక్కరలేదు. ఊటీ క్లబ్బులోపలికి సభ్యులకూ వారి అతిథులకూ తప్ప ప్రవేశం లేదు గనుక బయట రోడ్డుమీదనే నిలబడి, చెట్ల సందున తెల్లని స్తంభాల కట్టడం చూశాము. 1841లో పెట్టిన క్లబ్బు. స్నూకర్ ఆట నియమాలు 1882లో యిక్కడే రాసి గోడకు తగిలించారు. ఆట పుట్టింది మాత్రం జబల్పూరులో, 1875లో. వానలు పట్టి పటాలపు దొరలకు బిలియర్డ్సు తప్ప గతిలేనప్పుడు, నెవిల్ చేంబర్లెన్ అనే కుర్ర ఆఫీసరు వున్న ఆటకు మరికొన్ని రంగుబంతులు చేర్చాడు. (తరువాత ఇంగ్లండు ప్రధాని అయిన చేంబర్లెన్ యితను కాడు.) ఇంగ్లండులో వూల్విచ్ సైనికపాఠశాలలో కొత్తగా చేరినవాణ్ణి స్నూకర్ అని వెక్కిరించేవారట. సులువైన బంతి తప్పిన జతగాణ్ణి చేంబర్లెన్ ఆ మాటతో యెగతాళి చేశాడు. ఆ తిట్టే ఆటకు పేరై నిలిచింది. ప్రపంచమంతా ఆడే ఆటకు మన కొండమీద శాసనం రాశారంటే మా యింటామెకు కూడా ముచ్చట వేసింది. కాని చిన్నాయన ఆ సంగతి అంతగా పట్టించుకోలేదు. "రాసినవాళ్ళ పేరు వుంటుంది. ఆ బల్లకు పొద్దున్నే గుడ్డ యెవడు దువ్వాడో వాడి పేరు వుండదు" అని నడక సాగించాడు.

గేటునుంచి వెనక్కు నడిచే దారిలోనే ఆయన తన పని సంగతి మాకు మొదటిసారి చెప్పాడు. పదహారో యేట బంతులు యేరే కుర్రవాడుగా చేరాడు. తెల్లవారి ఆరింటికి పోవాలి. పన్నెండడుగుల బల్ల, పైన పరచింది వున్నిగుడ్డ, కింద పలకరాయి. ఆ వున్నికి నూగు వుంటుంది, పిల్లి వీపులాగ ఒకే వైపుకు. నూగు వాలిన దిక్కుగానే బ్రష్షుతో దువ్వాలి, ఆపైన ఇస్త్రీ చెయ్యాలి. యెదురు దువ్వితే ఆనాటి ఆటంతా చెడుతుంది. వానాకాలంలో కొండతేమకు గుడ్డ బరువెక్కి బంతి బద్ధకంగా దొర్లుతుంది. సభ్యులు ఓడితే తప్పు మార్కరుదే. గోడకు సభ్యుల సొంత కోలలు రేకుగొట్టాలలో తాళంవేసి వుండేవి, మూతమీద పేర్లు. అన్నీ ఆయనే తుడిచేవాడు, మొనలు ఆయనే అంటించేవాడు. సభ్యుడికి జోడీ లేకపోతే ఆయన ఆడాలి. "గెలవకూడదని ఒక్కరూ చెప్పలేదురా అబ్బాయ్. చెప్పవలసిన పని లేదు" అన్నాడు.

"మరి మీకంటూ కోల వుండేదా తాతా?" అని అమ్మాయి అడిగింది. లేదన్నాడు. పదమూడో నెంబరు అని గోడనున్న ఉమ్మడి కోల ఒకటి. ముప్ఫైరెండేళ్ళలో ముప్ఫై దానితోనే ఆడాడు. పదవినుంచి దిగినరోజున దానిని అడుగుదామనుకొని, అడగకుండానే వచ్చేశాడు.

మధ్యాహ్నం బజారు దగ్గర ఒక ఆటగదికి తీసుకపోయాడు. అక్కడ పెద్ద స్నూకర్ బల్ల ఒకటి, చిన్న పూల్ బల్లలు రెండు. ఆయన గోడనుంచి కోల యెన్నుకున్న తీరు చెప్పుకోదగినది. అందరూ చేసేటట్లు బల్లమీద దొర్లించి చూడలేదు. దొర్లిస్తే నిక్కంగా తెలియదట. బల్లే వాలి వుండవచ్చు. లావువైపు కంటికి ఆనించి, తుపాకి గురి చూసినట్లు చివరిదాకా చూశాడు, మెల్లగా తిప్పుతూ. ఆరింటిని తోసివేసి ఏడోది తీసుకున్నాడు. అది యాష్ కర్ర. దాని నారలో బాణపు మొనలవంటి గుర్తులు ఒకదానిమీద ఒకటి కనబడతాయి. ఆ గుర్తులు పైకి వచ్చేటట్లు పట్టుకుంటే ప్రతిసారీ కోల ఒకే తీరున చేతికి కూర్చుంటుందన్నాడు. నునుపుగా, గుర్తులేమీ లేకుండా వుండే మేపుల్ కర్ర ఆయనకు గిట్టదు. "మొహం లేని కర్ర" అన్నాడు.

తరువాత చాక్ ముక్క తీసి చూసి ఆయనకు కోపం వచ్చింది. యెవరో దానికి మధ్యన గుంట పడేదాకా కోలను గుచ్చి తిప్పారు. అలా తిప్పితే తోలుమొన అంచులకు అంటదు, పైగా మొన కిందనున్న కట్టు అరుగుతుంది. కుంకుమ అద్దినట్లు మెల్లగా పులమాలన్నాడు. దీనిని సుద్ద అంటారే గాని సుద్ద కాదు. 1890ల చివర అమెరికాలో ఒక ఆటగాడూ ఒక రసాయనశాస్త్రజ్ఞుడూ కలిసి యిసుకరాయి జాతి పొడీ, ఆకురాయి పొడీ కలిపి కనిపెట్టిన పదార్థం. జారకుండా పట్టు యివ్వడమే దాని పని. అంతకుముందు, 19వ శతాబ్దపు తొలియేళ్ళలో, ఫ్రాన్సులో మింగో అనే ఆయన కర్రచివర తోలు అంటించబట్టే బంతిని పక్కకు కొట్టి గిరగిర తిప్పడం సాధ్యమైంది. చిన్నాయనకు యీ చరిత్ర తెలియదు. కాని కోల అంతటిలోనూ ప్రాణం వుండేది ఆ గోరంత తోలులోనే అని ఆయన సిద్ధాంతం. వెయ్యి రూపాయల కోలకు మంచి మొన పెట్టితే ఆడవచ్చు. లక్ష రూపాయల కోలకు చెడ్డ మొన పెట్టితే అది గొడుగుకర్ర.

పెద్ద బల్లమీద ఆయన ఆడుతుంటే మేము నోరు తెరుచుకొని చూశాము. నడవడానికి కర్ర కావలసిన మనిషి, వంగగానే యిరవై యేళ్ళు తగ్గాడు. మోచెయ్యి తప్ప మరేదీ కదలదు. ఐదు యెర్రబంతులూ వాటి జోడు రంగులూ తప్పకుండా వేసి, ఆరోది తప్పి, "తేమ" అన్నాడు. ఆ రోజు యెండ కాస్తున్నది.

యిక అమ్మాయి వంతు. ఆమె మెల్లగా, "తాతా, నా ఆట యిది కాదు, అది" అని పూల్ బల్ల చూపింది. అక్కడినుంచి వాదన మొదలైంది. పూల్ బంతి రెండుంపావు అంగుళాలు, స్నూకర్ బంతి అంతకంటె చిన్నది. పూల్ కోల మొన పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు. స్నూకర్ కోలకు తొమ్మిదో పదో. పూల్ బల్లగుడ్డకు నూగు లేదు, దువ్వే పని లేదు. చిన్నాయన ఆ గుడ్డమీద అరచెయ్యి రాసి, "యిది పరుగెత్తే గుడ్డ" అని తలవూపాడు. ఆయన తన సన్నమొన కోలతో గట్టిగా కొట్టితే బరువైన బంతి అనుకున్న చోటికి పోలేదు. రెండోసారీ పోలేదు. అమ్మాయి మేపుల్ కర్ర తీసుకొని, వేలు వుంగరంగా చుట్టి, అదే బంతిని వేసింది. మాకు ఒక్క క్షణం భయమే వేసింది, పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని.

నొచ్చుకోలేదు. "మళ్ళీ కొట్టు" అన్నాడు. పది దెబ్బలు కొట్టించి, ఒక్కొక్క కర్రా మార్చి కొట్టించాడు. అప్పుడు తెలిసింది అసలు మాట. బంతిని నడిమికి యెడంగా పొడిస్తే అది తిన్నగా పోదు, కొంచెం కుడికి తప్పుకుంటుంది. యెంత తప్పుకుంటుందనేది కోలచివరి బరువునుబట్టి వుంటుంది. చివర తేలికైతే తక్కువ, బరువైతే యెక్కువ. పద్ధెనిమిది వేల కోలలో అమ్మేది ఆ తేలికతనమే. కాని ఒకే కోలతో ఆడేవాడికి ఆ తప్పు యెంతో చెయ్యి నేర్చుకుంటుంది, తనంతట తానే సర్దుకుంటుంది. రోజుకొక కర్ర పట్టేవాడికి ఆ లెక్క కుదరదు. "నీ చెయ్యి చెడ్డది కాదు. రోజుకొక కర్ర పట్టి చెడుతున్నావు" అన్నాడు చిన్నాయన. అమ్మాయి వెంటనే స్టీఫెన్ హెండ్రీ సంగతి చెప్పింది. ఆ స్కాట్లండువాడు చిన్నతనంలో కొనిచ్చిన చవక కోలతోనే యేడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. 2003లో విమానప్రయాణంలో అది విరిగిపోయింది. చిన్నాయన ఆ మాట విని, చావుకబురు విన్నట్లు, "అయ్యో, తరువాత?" అన్నాడు. తరువాత అతనికి మళ్ళీ ఆ బిరుదు రాలేదన్నది అమ్మాయి.

ఆ రాత్రి ఆయన యింకెవరి సంగతులో చెప్పుతాడనుకుంటే విల్సన్ జోన్సు సంగతి చెప్పాడు. 1958లో కలకత్తాలో బిలియర్డ్సు బిరుదు గెలిచి, మన దేశంనుంచి యే ఆటలోనైనా వ్యక్తిగతంగా ప్రపంచ విజేత అయిన మొదటి మనిషి ఆయన. 1964లో న్యూజిలండులో మళ్ళీ గెలిచాడు. క్లబ్బులో మార్కర్లందరూ ఆ వార్త పేపరులో చదివి, సభ్యులు రాకముందు, పొద్దున ఆరున్నరకు, తాళంవేసిన గదిలో తమలో తాము ఒక ఆట ఆడుకున్నారట. యెవరు గెలిచారని అడిగితే నవ్వాడు.

పదేళ్ళుగా పెళ్ళిళ్ళకు కూడా కొండ దిగని మనిషి మాతో కోయంబత్తూరు వచ్చాడు. అంగట్లో రెండుగంటలు నిలబడ్డాడు. యాష్ కర్రలవైపు ఆయన కళ్ళు పోతూనే వున్నాయి, కాని నోరెత్తలేదు. అమ్మాయి మేపుల్ కర్ర, రెండు ముక్కలది, యెన్నుకున్నది. ఆయన గురి చూసి, నిక్కంగా వున్నదని తలవూపాడు. యేడు వేల రెండువందలు. పద్ధెనిమిది వేలది ఆయన చేత్తో పట్టుకొని చూసి, మంచిదేనని ఒప్పుకొని, గూట్లో పెట్టేశాడు. కొత్తరకం మొనలను దిద్దనక్కరలేదని అంగడివాడన్నా వినక, యింట్లో రెండురోజులు కూర్చొని గరుకుకాగితంతో పావలాబిళ్ళ అంచు వంపుకు ఆ తోలు దిద్దాడు. గోడకు ఆనిస్తే వంగుతుందని, సంచిలోనుంచి తీసినప్పుడల్లా నిలువున వేలాడదీయడానికి వసారాలో మేకుకొట్టి దారం కట్టాడు. యింటి యజమాని చూస్తే యేమంటాడో అని మేము కంగారుపడ్డాము.

కొత్త కోలతో మొదటి పోటీలో అమ్మాయి మొదటి చుట్టులోనే ఓడిపోయింది. ఆ సాయంకాలం ఆమె చిన్నాయనకు ఫోను చేసింది. ఆయన ఓడినందుకు ఒక్కమాటా అనలేదట. చాక్ యెలా పూశావు, మొన అంచు పొంగిందా, ఆ గదిలో తేమ వున్నదా అని మూడు ప్రశ్నలడిగి, వచ్చే నెల మేట్టుపాళయం రైలుకు తనకు టిక్కెట్టు తియ్యమన్నాడు.